ఎనుక ఎవరు?

పోలా అమావాస్య నాడు నాందేడ్ డిపోలో సెలవు దొరికిన కండక్టరంత అదృష్టవంతురాలు ఇంకొకతె ఉండదు. శుభాంగికి సెలవు దొరకలేదు గానీ దాదాపు అంతటిదే దొరికింది. తెల్లవారకముందే ఇస్లాపూర్ బస్సు ఎక్కి, మధ్యాహ్నం భోజనాల వేళకు నాందేడ్‌లో దిగిపోయే డ్యూటీ. ఆ రోజు ఆమెకు కావలసింది ఒక్కటే. సాయంత్రం దీపం పెట్టే వేళకు ఇంట్లో పీట మీద కూర్చుని ఉండాలి. లేకపోతే, ఆరేళ్ళ కూతురు మీరా మర్నాడు నాయనమ్మ వెంట భోకర్ వెళ్ళిపోతుంది. చుట్టపుచూపుగా కాదు, అక్కడి బడిలో చేరి అక్కడే ఉండిపోవడానికి.

ఈ షరతు పెట్టింది అత్త జనాబాయి. ఆమెను గయ్యాళి అనుకోవద్దు. గయ్యాళి అయితే శుభాంగి పని ఎంత సులువుగా ఉండేదో! మీరా పుట్టిన ఐదో నెల నుంచీ ఆ పిల్లను పెంచింది ఆమే. బాలింత సెలవు అయిపోయి, పాలతో ఖాకీ చొక్కా తడిసిపోతుంటే చేతిసంచీ అడ్డం పెట్టుకుని శుభాంగి టికెట్లు కొట్టిన రోజుల్లో, ఇంట్లో పిల్లకు డబ్బాపాలు పట్టిందీ, ముడ్డి కడిగిందీ, ఏడిస్తే భుజాన వేసుకు తిరిగిందీ జనాబాయే. ఇప్పుడు భోకర్‌లో పెద్దకొడుకు మాణిక్ భార్య కాజల్‌కు నెలలు నిండాయి. కాజల్ కూడా బట్టల దుకాణంలో పనికి పోతుంది. నాయనమ్మ ఒక్కతే, ఇళ్ళు రెండు. పోలా కాగానే జనాబాయి భోకర్ పోక తప్పదు. మీరాను వెంట తీసుకుపోతానంది.

శుభాంగి ససేమిరా అంది. పిల్ల తల్లి దగ్గరే ఉంటుందని గట్టిగానే చెప్పింది. జనాబాయి కోప్పడలేదు. పప్పు ఏరుతున్న చేట పక్కన పెట్టి అడిగింది.

"కోడి కూయకముందు నువ్వు పోతవు, మాపటికి అస్తవు. పొద్దంత పిల్ల ఎవ్వలకాడ ఉంటది? నేను గూడ పత్తి ఏరవోయిన, కలుపు తియ్యవోయిన. గని పిల్లల్ని ఎంట పట్టుకపోయిన, చెట్టుకు చీర కట్టి ఊయలేసిన. నువ్వు బస్సుల ఊయల కడ్తవా?"

పిల్లల్ని చూసుకునే ఇల్లు ఒకటి ఆ కాలనీలో ఉంది, పాళణాఘర్ అంటారు. అది తొమ్మిదికి గానీ తలుపు తీయదు. ఆఫీసులకు పోయే తల్లుల కోసం పెట్టింది అది, బస్సులెక్కే తల్లుల కోసం కాదు. మరి నాగనాథ్ సంగతి? నాగనాథ్ శుభాంగి మొగుడు, కరెంటు సామాన్ల దుకాణంలో గుమాస్తా. మంచివాడు, తాగడు, చెయ్యెత్తడు. పొద్దున తొమ్మిది దాకా ఇంట్లోనే ఉంటాడు కూడా. పిల్లను నువ్వు తయారు చేసి బడికి పంపలేవా అని అడిగితే, నాకు జడ వెయ్యరాదు కదా అన్నాడు. అంతటితో ఆ మాట అయిపోయింది. జడ వెయ్యరాని మగవాడికి ఈ లోకంలో ఎన్ని పనుల నుంచి విడుదల దొరుకుతుందో లెక్కలేదు.

ఆఖరికి జనాబాయే ఒక దారి చూపింది. పిఠోరీ నాడు తేల్చుకుందాం అంది.

పిఠోరీ సంగతి కొంచెం చెప్పాలి. పోలా ఎడ్ల పండగ. అదే అమావాస్య సాయంత్రం తల్లులకూ ఒక నోము ఉంది, దాన్ని మరాఠీవాళ్ళు పిఠోరీ అంటారు. గోడ క్యాలెండర్లో ఆ గడిలో 'మాతృదిన్' అని కూడా అచ్చు వేస్తారు. కాకపోతే పెద్ద అక్షరాలు ఎడ్లవి, చిన్న అక్షరాలు తల్లులవి. తల్లి పీట మీద కూర్చుని, ఖీరూ పూరీలూ పెట్టిన పళ్ళెం భుజం మీదుగా వెనక్కి పట్టుకుని, తల తిప్పకుండా 'అతీత్ కోణ్?' అని అడుగుతుంది. వచ్చిన అతిథి ఎవరు, అని అర్థం. వెనుక నిలబడ్డ బిడ్డ పేరు చెప్పి పళ్ళెం అందుకోవాలి. జనాబాయి వయసులో ఉన్నప్పుడు భోకర్‌లో ఒక రైతు ఇంట్లో గిన్నెలు తోముతూ ఈ నోము చూసింది. మాకు మాత్రం పిల్లలు లేరా అనుకుని తన గుడిసెలోకి తెచ్చుకుంది. అతీత్ అన్న మాట నచ్చక, 'ఎనుక ఎవరు?' అని తెలుగులోకి మార్చుకుంది. పిల్లలు 'నేనున్న' అనాలి. అప్పటి నుంచీ ఆ ఇంటి మంత్రం అదే.

పోయిన ఏడు శుభాంగికి ఆ పూట డ్యూటీ పడింది. పీట మీద జనాబాయి కూర్చుంది. ఎనుక ఎవరు అంటే, మీరా 'నేనున్న అవ్వా' అంది. ఆ పిల్లకు నాయనమ్మే అవ్వ. తండ్రి ఆమెను అవ్వా అని పిలుస్తాడు కాబట్టి తనూ అదే నేర్చుకుంది. తల్లిని పిలిచే మాట అలా నాయనమ్మకు పోయింది, శుభాంగికి 'మమ్మీ' మిగిలింది. ఎవరూ కావాలని చేసిన పని కాదు.

"ఈసారి పీట మీద నువ్వు కూసో," అంది జనాబాయి. "పిల్ల నీ ఎనుక నిలబడి పలికితె ఈడనే ఉంటది. దీపం పెట్టే యాళ్లకు నువ్వు రాకుంటె నేను కూసుంట. నా ఎనుక పలికితె నా ఎంట అస్తది. ఇగ దీన్ల వేరే మాట లేదు."

శుభాంగి ఒప్పుకుంది. నాగనాథ్ కూడా ఒప్పుకున్నాడు. ఏ పీట మీదా కూర్చోనక్కర్లేనివాడికి ఒప్పుకోవడానికేం.

ఆ ఇంటి ముందుగదిలో శుభాంగి ఫోటో ఒకటి వేలాడుతుంటుంది, భుజాల మీద శాలువా, చేతిలో కొబ్బరికాయ. దాని కథ ఇది. మీరాకు మూడేళ్ళప్పుడు జనాబాయి జ్వరంతో దవాఖానలో పడితే, ఇంకో దారి లేక శుభాంగి పిల్లను తనతో బస్సులో తీసుకెళ్ళింది. మీరాకు అది పండగే. కండక్టరు సీట్లో కాళ్ళూపుతూ కూర్చుని, తల్లి జనంలో ముందుకూ వెనక్కూ తిరుగుతుంటే చూసింది. అది సరిహద్దు దారి. బస్సులో సగం మరాఠీ, సగం తెలుగు. స్టాపు దాటినప్పుడల్లా శుభాంగి రెండు భాషల్లోనూ కేక వేస్తుంది, "మాగే కోణ్ రాహిలే? ఎనుక ఎవరు మిగిలిన్రు?" అని. టికెట్ తీసుకోనివాళ్ళు చెయ్యెత్తి నేను మిగిలిన అంటారు. వినీ వినీ మీరా కూడా చెయ్యెత్తి "నేను మిగిలిన" అంది. బస్సంతా నవ్వింది. శుభాంగి మిషన్‌లోంచి సరిగా అచ్చుపడని కాగితం ముక్క ఒకటి చింపి ఆ చేతిలో పెట్టింది. ఆ తర్వాత చాలా కాలం ఇంట్లో దిండ్లు వరసగా పేర్చి మీరా ఆడిన ఆట అదొక్కటే.

ఆ రోజు బస్సులో ఎవరో కాలేజీ కుర్రవాడు, నిద్రకు వచ్చిన బిడ్డను చంకనేసుకుని టికెట్లు కొడుతున్న శుభాంగిని ఫోన్‌లో తీసి లోకం మీదికి వదిలాడు. ఆయీ, తల్లీ, నీకు దండం అన్నవాళ్ళు వేలమంది. బ్రేకు వేస్తే ఆ బిడ్డ ఏం కావాలి, ఇదీ ఒక తల్లేనా అన్నవాళ్ళు కూడా తక్కువేం కాదు. ఆ సందడి అయ్యాక, పిల్లను ఇంక బస్సులోకి తేవద్దని పైవాళ్ళు మర్యాదగానే చెప్పారు. అదీ న్యాయమే, కాదనడానికి లేదు. మార్చి నెలలో కాలనీ మహిళా మండలివాళ్ళు పిలిచి సత్కార్ చేశారు, శాలువా కప్పారు. పక్కింటి సుమిత్రాబాయే మండలికి పెద్ద. ఒక చేత బిడ్డ, ఒక చేత టికెట్, ఇదే అసలైన మాతృత్వం అని ఆమె మైకులో చెప్పి కళ్ళు తుడుచుకుంది. అదే సుమిత్రాబాయి వారం తిరక్కుండా కుళాయి దగ్గర, పిల్ల ముసలిదాని చేతిలో పెరుగుతోంది, తల్లి ఊళ్ళు తిరుగుతోంది అంది. రెండుసార్లూ మనస్ఫూర్తిగానే అంది.

ఆ శాలువా ఇప్పుడు మీరా దుప్పటి. తెల్లవారుజామున శుభాంగి ఇల్లు విడిచేటప్పుడు, నిద్రపోతున్న పిల్ల మెడ దాకా లాగి కప్పి పోయేది దాన్నే.

పోలా నాడు కూడా అలాగే కప్పి పోయింది. ఇస్లాపూర్ పోవడం, రావడం సాఫీగా జరిగింది. మధ్యాహ్నం డిపోలో దిగి సంచీ అప్పజెప్పబోతుంటే అనుసూయాబాయి కనిపించింది. ఆమె కూడా కండక్టరే, ఆ పూట భోకర్ బస్సు ఆమెది. గోడకు ఆనుకుని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నిలబడి ఉంది. అవతలి మాట ఎప్పుడో ఆగిపోయినా ఫోన్ దించలేదు. ఏమైందని అడిగితే, రెండేళ్ళ కొడుక్కి జ్వరం పెరిగి ఫిట్స్ వచ్చాయని, ఇంటివాళ్ళు దవాఖానకు పట్టుకుపోయారని చెప్పింది. ఆమె బదులు పోవడానికి మనిషి లేడు. పండగ పూట ఎవరు దొరుకుతారు? అనుసూయాబాయి మాత్రం ఏమీ అడగలేదు. శుభాంగికి ఇవాళ ఇంట్లో ఏం పని ఉందో ఆమెకు తెలుసు. తల పక్కకు తిప్పుకుంది.

అడిగి ఉంటే శుభాంగి కాదనేదేమో. అడగకపోవడమే కొంప ముంచింది. మీరాకు ఏడాదిన్నర ఉన్నప్పుడు ఇలాగే ఒకసారి, సర్ఖని దారిలో ఉండగా ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, పిల్ల కళ్ళు తేలేసిందని. ఆ రోజు శుభాంగి చివరి స్టాపు దాకా ఏడుస్తూనే టికెట్లు కొట్టింది. చిల్లర ఇయ్యవేందమ్మా అని జనం కసిరారు. పిల్లకు ఏమీ కాలేదు, కానీ ఆ దారి ఆమెకు ఇప్పటికీ గుర్తే. భోకర్ ఎంత దూరం గనక, పోయి వచ్చేసరికి ఇంకా పొద్దుంటుందిలే అని తనకు తాను చెప్పుకుని, అనుసూయాబాయి చేతిలోంచి సంచీ తీసుకుంది.

"నువ్వు పిలగానికాడికి పో," అంది. "నేను పోయస్త."

అనుసూయాబాయి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఒక తల్లి తన బిడ్డ దగ్గరికి పరిగెత్తాలంటే ఇంకో తల్లి తన బిడ్డకు దూరంగా పోవాలి. లోకం తల్లుల కోసం చేసిపెట్టిన ఏర్పాటు అంతవరకే ఉంది.

పోవడం బాగానే పోయారు. తిరుగు ప్రయాణంలో భోకర్ దాటకముందే బస్సు ఆగిపోయింది. రోడ్డు నిండా ఎడ్లు. కొమ్ములకు రంగులు, మెడల్లో పూసలూ గంటలూ, వీపుల మీద అద్దాలు కుట్టిన దుప్పట్లు. ముందు బాజాలు, వెనుక పిల్లల కేకలు. ప్రతి ఇంటి ముందూ ఇల్లాలు పళ్ళెం పట్టుకుని నిలబడి, ఎద్దు కాళ్ళ మీద నీళ్ళు పోసి, నుదుట కుంకుమ పెట్టి, నోటికి పూరణ్ పోళీ బొబ్బట్టు అందిస్తోంది. డ్రైవర్ సూర్యకాంత్ ఇంజను ఆపేశాడు. హారన్ కొట్టమని శుభాంగి అంటే తల అడ్డంగా ఊపాడు. ఏడాదికి ఒక్క దినం అక్కా, ఇయ్యాల్ల వాటికన్న పెద్దోళ్లు ఎవ్వలు లేరు అన్నాడు.

శుభాంగి ఫుట్‌బోర్డు మీద నిలబడి చూసింది. బస్సును ఆనుకుని పోతున్న ఎద్దు మెడ మీద, కాడి ఒరుసుకున్న చోట వెంట్రుక లేదు. చర్మం నల్లగా కాయగట్టి ఉంది. ఒళ్ళంతా రంగుల అచ్చులు వేసినవాళ్ళు ఆ ఒక్కచోటు మాత్రం వదిలేశారు. ఇవాళ కాళ్ళు కడిగినవాళ్ళే రేపు కాడి కడతారు. ఆ సంగతి ఎద్దుకు కూడా తెలుసేమో, తొందరేం లేకుండా నములుతోంది. శాలువా కప్పిన రోజు, అందరూ చప్పట్లు కొడుతుంటే తనకు ఎందుకు సిగ్గేసిందో శుభాంగికి ఇప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. అక్కడ నిలబడి ఏడవడానికి కూడా వీల్లేదు, వెనుక సీట్లవాళ్ళు ఇంకా టికెట్లు తీసుకోలేదు.

బాజాల మధ్యే ఇంటికి ఫోన్ చేసింది. నాగనాథ్ ఎత్తాడు. కొద్దిగా ఆగండి అని అడిగితే, అవ్వను అడుగు అని ఫోన్ తల్లి చేతికిచ్చాడు. జనాబాయి గొంతులో కోపం లేదు.

"ఆగుత పిల్లా. దీపం నా చేతుల ఉన్నది గని, పొద్దు నా చేతుల లేదు."

ఎడ్లు తప్పుకునేసరికి ఎండ పసుపుపచ్చగా మారింది. ఆ తర్వాత ప్రతి స్టాపులోనూ జనమే. పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్ళు, పండగ మూటలు, నిలబడడానికి చోటు లేని గర్దీ. శుభాంగి ఒకరిని దాటుకుంటూ ఒకరి మీద పడుతూ ముందుకూ వెనక్కూ తిరిగింది. మాగే కోణ్ రాహిలే, ఎనుక ఎవరు మిగిలిన్రు. మాగే కోణ్ రాహిలే, ఎనుక ఎవరు మిగిలిన్రు. ఆ కేక ఆమె వేస్తున్నట్టే లేదు, నోరు దానంతట అదే వేస్తోంది. మనసంతా కిటికీలోంచి కనిపిస్తున్న పొద్దు మీద ఉంది. నాందేడ్ పొలిమేరలోకి వచ్చేసరికి పొద్దు ఇళ్ళ వెనక్కి జారిపోయింది.

డిపోలో సంచీ అప్పజెప్పి, ఆటో పట్టుకుని, కాలనీ మలుపు తిరిగింది. అన్ని ఇళ్ళలో దీపాలు వెలుగుతున్నాయి. ఏ గుమ్మంలో చూసినా పిల్లలు ఖీరు తింటున్నారు. అయిపోయింది అనుకుంది శుభాంగి. ఆటో దిగింది. తన ఇంటి ముందు సుమిత్రాబాయి, ఇంకొందరు ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. ఆమెను చూసి దారి ఇచ్చారు.

లోపల చీకటి. దేవుడి ముందు ప్రమిదలో వత్తి నూనెలో నాని ఉంది, వెలిగించలేదు. పక్కనే జనాబాయి అగ్గిపెట్టె గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. ఎంతమంది పోరినా ఇంకా పొద్దుంది, ఇంకా పొద్దుంది అని అబద్ధం ఆడుతూ ఆమె దీపం పెట్టనివ్వలేదని నాగనాథ్ తర్వాత చెప్పాడు.

"కాళ్లు కడుక్కొని కూసో," అంది జనాబాయి.

చీర మార్చుకునే వ్యవధి లేదు. ఖాకీ చొక్కాతో పీట మీద కూర్చోవడం ఎలాగని శుభాంగి తడబడుతుంటే, జనాబాయి చేతికందిన శాలువా తీసి ఆమె భుజాల చుట్టూ కప్పింది. మండలివాళ్ళ శాలువాయే. పిల్ల వాసన వేస్తోంది. పళ్ళెం చేతికిచ్చి, దీపం వెలిగించి, జనాబాయి కాస్త అవతలగా గోడవారకు జరిగి కూర్చుంది. పిల్లను పో అనలేదు, రా అనలేదు. మీరా ఎక్కడ ఉందో శుభాంగికి తెలియదు. వచ్చేటప్పుడు గుమ్మం పక్కన ఉంది. ఇప్పుడు నాయనమ్మ పక్కన ఉందో, తన వెనుక ఉందో, తల తిప్పి చూడకూడదు. వెనుక ఏ చప్పుడూ లేదు.

పళ్ళెం భుజం మీదుగా వెనక్కి పట్టుకుంది. పొద్దుటి నుంచీ అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. అడగాల్సింది రెండే మాటలు. ఆ రెండు మాటలూ సరిగ్గానే మొదలయ్యాయి, కానీ నోరు అక్కడ ఆగలేదు, రోజంతా పోయిన దారిలోనే పోయింది.

"ఎనుక ఎవరు మిగిలిన్రు?"

గుమ్మంలో ఆడవాళ్ళు పకపకా నవ్వారు. బస్సును ఇంట్లోకి తోలుకొచ్చింది చూడండి అని సుమిత్రాబాయి అంది. నాగనాథ్ కూడా నవ్వాడు. శుభాంగి నాలుక కరుచుకుని, సరిగ్గా అడగడానికి మళ్ళీ నోరు తెరిచింది. ఈలోపే వెనుక నుంచి, చెవికి దగ్గరగా, గొంతు వినిపించింది. పాత ఆట మళ్ళీ దొరికిందన్న సంతోషంతో గట్టిగా పలికింది మీరా.

"నేను మిగిలిన."

నవ్వులు ఆగిపోయాయి. పిల్లకేం తెలుసు, పిల్ల ఆడుకుంటోంది. ఒక చేత్తో పళ్ళెం అందుకుని రెండో చెయ్యి తల్లి భుజం మీదుగా ముందుకు చాపింది. అరచెయ్యి తెరిచి పట్టుకుంది. "మమ్మీ, టికెట్ ఇయ్యవా?" అని అడిగింది.

శుభాంగి ఆ చేతిని పట్టుకుని అలాగే కూర్చుంది. శాలువా కప్పి పోయిన తెల్లవారుజాములన్నీ, నిద్రలేచి మమ్మీ ఏదని ఈ పిల్ల ఇల్లంతా వెతికిన పొద్దులన్నీ ఆ ఒక్క మాటలో కూర్చుని ఉన్నాయి. గెలిచింది. తను కోరుకున్నట్టే పిల్ల తన వెనుకే నిలబడి పలికింది. ఇలాంటి గెలుపు పగవాళ్ళకు కూడా వద్దనిపించింది.

జనాబాయి మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పలికింది. నీ ఎనుకనే పలికింది. పిల్ల ఈడనే ఉంటది," అంది.

ఆడవాళ్ళు ఖీరు తిని వెళ్ళిపోయారు. రేపు పొద్దున పిల్లను ఎవరు లేపాలి, ఎవరు నీళ్ళు పోయాలి, బడి దాకా ఎవరి చెయ్యి పట్టుకు పోవాలి అని శుభాంగి నాగనాథ్ వైపు చూసింది. నాగనాథ్ పూరీ ముక్క తుంచుకుంటూ, ఎట్లనన్న చేద్దాంలే అన్నాడు. ఆ చేద్దాంలో ఎవరు చేయాలో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తాళం చెవి పిల్ల మెడలో కట్టాలి. లేదా పాళణాఘర్ తలుపు తీసేదాకా సుమిత్రాబాయి గుమ్మంలో కూర్చోబెట్టి, కుళాయి దగ్గర ఆమె నోట్లో నలగాలి. శుభాంగి రెండూ ఊహించుకుంది. రెండింట్లోనూ మీరా ఒక్కతే కనిపించింది, చెయ్యెత్తి.

"అత్తా, పిల్లను తీస్కపో," అంది.

జనాబాయి ఆమె ముఖంలోకి చూసింది. "గెల్సి ఇడిసిపెడ్తున్నవా?"

"మిగిలిన అన్నది గదా అత్తా. ఇంకొక్కపారి ఆ మాట అననియ్య."

జనాబాయి పళ్ళెంలో మిగిలిన ఖీరు తీసుకొచ్చి, మీరాకు పెట్టినట్టే కోడలికి కూడా నోట్లో పెట్టింది. శుభాంగి అప్పుడు ఏడ్చింది. పొద్దుటి నుంచీ దాచుకున్నదంతా ఏడ్చింది.

మర్నాడు శుభాంగికి ఇస్లాపూర్ డ్యూటీయే. భోకర్ ఆ దారిలోనే కదా. చీకటితోనే జనాబాయి, మీరా అదే బస్సు ఎక్కి వెనుక సీట్లో కూర్చున్నారు. కాళ్ళ దగ్గర బట్టల సంచీ, బడి సంచీ. మీరా ఒళ్ళో శాలువా మడత పెట్టి ఉంది, ఎవరు తెమ్మన్నా తెమ్మనకపోయినా తెచ్చుకుంది. ఉద్యోగం కోసం కడుపున పుట్టినదాన్ని పంపేసిందని కాలనీలో ఈపాటికి మొదలై ఉంటుంది. ఉంచుకుని ఉంటే, పిల్లను గాలికి వదిలేసిందని మొదలయ్యేది. ఏదో ఒకటి మొదలు కాక మానదు.

బస్సు ఊరు దాటింది. శుభాంగి ముందు నుంచి ఒక్కొక్క సీటే చూసుకుంటూ వచ్చింది. రెండు భాషల్లోనూ కేక వేసింది. వెనుక నుంచి చిన్న చెయ్యి లేచింది.

"నేను మిగిలిన."

శుభాంగి దగ్గరికి వెళ్ళి మిషన్ నొక్కింది. భోకర్‌కు ఒక అర టికెట్. మీరా దాన్ని బస్సు లైటు వెలుగులో అటూ ఇటూ తిప్పి, పైన అచ్చుపడిన అక్షరాలు చూసి, ఇది అసలుదా అని అడిగింది. అసలుదే అంది శుభాంగి. పారేయకు, దిగేదాకా పట్టుకో అంది. అవతలి సీటులో ఎవరో పిలుస్తుంటే అటు వెళ్ళింది.

భోకర్‌లో తెల్లవారింది. రోడ్డు మీద నిన్నటి రంగు నీళ్ళు ఇంకా ఆరలేదు, ఎడ్లు బండ్లకు కట్టి పొలాలకు పోతున్నాయి. జనాబాయి సంచీలు దింపుకుని, సుట్టి దొరికిననాడు రా అంది. మీరా కింద నిలబడి టికెట్టు ఊపుతూ నవ్వింది. దిగినా ఆ టికెట్టు పారేయలేదు. శుభాంగి తలుపు వేసింది. కొత్తగా ఎక్కినవాళ్ళకు టికెట్లు కొట్టుకుంటూ వెనుక సీటు దాకా వచ్చి, అలవాటు కొద్దీ కేక వేసింది.

"మాగే కోణ్ రాహిలే? ఎనుక ఎవరు మిగిలిన్రు?"

అందరి చేతుల్లోనూ టికెట్లు ఉన్నాయి. ఎవరూ పలకలేదు. శుభాంగి కాసేపు ఆ ఖాళీ సీటు దగ్గరే నిలబడి, తర్వాత ముందుకు నడిచింది.